కొండను చూడని కంప్యూటర్

ఎండాకాలం ఉదయం పది, పదకొండయ్యేసరికి విశాఖలో గాలి తిరుగుతుంది, గమనించారా? నేల వేడెక్కి దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ చోట్లోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. స్కూలు పుస్తకంలో బొమ్మ ఇంతే. అందులో తీరం ఒక తిన్నని గీత. మన విశాఖ తీరం అలా ఉందా చెప్పండి?

దక్షిణాన యారాడ కొండ, దాని కొసన సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన డాల్ఫిన్ నోస్, పక్కనే హార్బరు ముఖద్వారం. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి. నడుమ పల్లంలో పోర్టు, ఫ్యాక్టరీలు, కాలనీలు. గాలి ఒకచోట కొండకు తగులుతుంది, ఒకచోట సందు చూసుకుని దూరుతుంది, ఇంకోచోట అసలు చేరదు. గాలి రాకను ముందే లెక్కగట్టాలంటే ఇదంతా కంప్యూటర్‌కి చెప్పాలి.

వాతావరణ మోడల్ నేలనీ నీటినీ గళ్ళుగా కోస్తుంది. గడి మొత్తానికి కొండ ఎత్తు ఒకటే, సగటు లెక్క. పది కిలోమీటర్ల గడి వేశారా, డాల్ఫిన్ నోస్ మాయం! చుక్కలు దూరందూరంగా పెడితే ముగ్గులో చిన్న మెలిక తేలదు కదా. ఒక వంపు సరిగ్గా పలకాలంటే దాని మీద ఆరేడు గళ్ళయినా పడాలి. పోనీ గడిని సగం చేద్దామంటే పని ఎనిమిదింతలవుతుంది. గళ్ళు నాలుగింతలు, పైగా లెక్క కట్టే వ్యవధీ సగానికి తగ్గాలి. అందరికీ ఉచితంగా దొరికే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్‌లో కిలోమీటరు గడికి దాదాపు 6 సెకన్లకోసారి లెక్క కడతారు. రోజంతటికీ ఎన్నిసార్లో ఊహించుకోండి.

ఈ దారిలో పెద్ద అడుగు ఫ్లోరిడాలో పడింది. 1974లో రోజర్ పీల్కీ దక్షిణ ఫ్లోరిడా మీద 11 కిలోమీటర్ల గళ్ళతో త్రిమితీయ మోడల్ నడిపి, మధ్యాహ్నపు వాన మబ్బులు ఎక్కడ లేస్తాయో నిర్ణయించడంలో తీరం ఆకారానిది పెద్ద పాత్ర అని చూపించారు. ముందుకు పొడుచుకొచ్చిన నేల మీద రెండు వైపుల గాలులూ ఎదురుపడి పైకి లేస్తాయి. లోపలికి వంగిన తీరం దగ్గర గాలి విచ్చుకుపోతుంది. మనకు కోనసీమ మొదటి రకం, కాకినాడ అఖాతం రెండో రకం. రెండూ పక్కపక్కనే!

నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది నీళ్ళ సంగతి. వేసవి మొదట్లో నైరుతి గాలి తీరం వెంబడి వీస్తూ పైనీటిని లోపలి సముద్రానికి తోస్తే, అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ ఇక్కడి విద్యార్థులతో కలిసి దీన్ని పరిశీలించారు. ఒడ్డును అంటుకున్న ఈ చల్లని పట్టీని మోడల్‌కి ఇవ్వకపోతే, దాని లెక్కలో సముద్రం అసలుకన్నా వెచ్చగా ఉంటుంది. నేలకీ నీటికీ తేడా తగ్గి, గాలి నీరసంగా వస్తుంది.

రోహిణి కార్తెలో పడమటి గాలి జోరుగా ఉందంటే సముద్రపు గాలి ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. ఒంగోలు, నెల్లూరు ఆ రోజుల్లో ఎలా మాడిపోతాయో అక్కడివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. సముద్రపు గాలి రాక మోడల్‌లో రెండు గంటలు తప్పిందంటే, ఆ పూట ఎండ అంచనా కూడా తప్పినట్టే. ఎండలో పనిచేసే మనిషికి అది చిన్న తప్పు కాదు. అందుకే గళ్ళు చిన్నవి చేయడంతో పాటు, గాలిని కొలిచే పరికరాలు విశాఖలో కొండకు ఆ పక్కా ఈ పక్కా పెట్టాలని నా పట్టు. గాజువాక వాళ్ళకీ బీచ్ రోడ్డు వాళ్ళకీ ఒకే అంచనా చెబితే ఎలా?