యాప్ చేతులు మారితే మనం రాసింది ఎవరిది?

ఈసారి పంట సంగతి కాదు, ఫోన్ సంగతి. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

తిరువూరు చుట్టుపక్కల మామిడి రైతులం కొంతమందిమి ఒక యాప్‌లో రాసుకునేవాళ్లం. పూత ఎప్పుడొచ్చింది, తేనెమంచు పురుగుకి ఏం కొట్టాం, కాయ ఏ రేటుకి పోయింది, అన్నీ. మా పెద్దన్నయ్య రోజూ రాసేవాడు. ఆయన పోయి రెండేళ్లు. మొన్న పూత టైములో ఆయన రాసింది చూద్దామని తెరిస్తే, యాప్‌ని వేరేవాళ్లు కొన్నారంట, పాతవి చూడాలంటే డబ్బు కట్టమంది.

మా అబ్బాయిని అడిగితే, "చేరేటప్పుడు ఒప్పుకుంటున్నాను అని నొక్కావు కదా నాన్నా, చదివావా?" అన్నాడు. చదవలేదు. పొలం కాగితమైతే నలుగురికి చూపించి గానీ సంతకం పెట్టను.

వాడే ఒక సంగతి చెప్పాడు. మైఎస్‌క్యూఎల్ అని ఒక సాఫ్ట్‌వేర్, సమాచారం దాచే గాదె లాంటిది. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో ఒకరైన ఫిన్లాండ్ ఆయన మైకేల్ వైడెనియస్ తన కూతురు 'మై' పేరు పెట్టాడు. ఆ కంపెనీని 2008లో సన్ కొంది, 2010లో సన్‌ని ఒరాకిల్ కొంది. అయితే ఆ సాఫ్ట్‌వేర్‌ని అంతకుముందే జీపీఎల్ అనే లైసెన్సు కింద ఇచ్చేశారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. పంచితే అవతలివాడికీ అదే హక్కు ఇవ్వాలి. కంపెనీ అమ్ముడుపోయినా ఇచ్చిన హక్కు వెనక్కి రాదు. అందుకే ఆయన 2009లో అదే కోడ్ తీసుకుని, చిన్నకూతురు పేరుతో మరియాడీబీ మొదలుపెట్టగలిగాడు. పాత పేరు మాత్రం కొన్నవాళ్లదే. 2013లో వికీపీడియా దానికి మారింది. 2003లో పుట్టిన మన తెలుగు వికీపీడియా కూడా ఇప్పుడు ఆ గాదెలోనే ఉంది.

ఈ లెక్క మనకి కొత్త కాదు. 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం మన పంట విత్తనం మనం దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు వేసి మాత్రం అమ్మకూడదు. విత్తనం మీద హక్కు మనకుంది, పేరు మీద లేదు.

ఇంకోటి. సాఫ్ట్‌వేర్ లైసెన్సు వేరు, అందులో మనం రాసినదాని లైసెన్సు వేరు. వికీపీడియాలో రాతలకి కూడా విడిగా లైసెన్సు ఉంది. రాసినవాళ్లని చెప్పి, అదే షరతు మీద ఎవరైనా కాపీ చేసుకోవచ్చు. మొత్తం దించుకుని దాచుకోవచ్చు. మా యాప్‌లో ఈ రెండూ లేవు. అమ్మినవాళ్లని తిట్టి ఏం లాభం, చూసుకోనిది నేను.

కాబట్టి ఏ యాప్‌లోనైనా చేరేముందు మీ ఇంట్లో చదువుకున్న పిల్లల్ని రెండు ప్రశ్నలు అడగండి. మనం రాసింది ఎప్పుడైనా దించుకోవచ్చా? రేపు అమ్మేస్తే అది ఎవరిదవుతుంది?

నేనైతే మళ్లీ నోటుబుక్ తీశాను. అన్నయ్య రాసినవి ఎవరైనా అప్పట్లో ఫొటో తీసి ఉంటే, దయచేసి నాకు పంపండి.