పులిహోర ట్రే మీద ఆకాశం

అమెరికాలోని చాటనూగాలో మా తెలుగు కుటుంబాల ప్రార్థన కూడిక నెలకో శనివారం, వంతులవారీగా ఒక్కొక్కరి ఇంటి బేస్‌మెంట్‌లో జరుగుతుంది. పాటలు, సాక్ష్యాలు, వాక్యం, ఆ తర్వాత పులిహోర, కోడికూర. ఈసారి వంతు మాది. వాక్యం ఆదికాండము మొదటి అధ్యాయం. అందరూ ఆమేన్ అన్నాక, తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడు చెయ్యెత్తాడు. ‘‘అంకుల్, డైనోసార్లు ఏ రోజు?’’

అంతే, గది రెండు ముక్కలైంది. ఒక బ్రదర్ ఆరో రోజేనన్నారు. ఆదాముతో పాటే పుట్టాయట. వంశావళులు కూడి భూమి వయసు ఆరువేల ఏళ్లని తేల్చారు. నిరుడు ఆయన పిల్లల్ని తీసుకుని కెంటకీ వెళ్లి, విలియమ్స్‌టౌన్‌లో 510 అడుగుల పొడవున కట్టిన నోవహు ఓడ చూసొచ్చారు. అందులో బోనుల్లో డైనోసార్ బొమ్మలు కూడా ఉన్నాయి మరి.

ఇంకో బ్రదర్ ఒప్పుకోలేదు. ‘‘దినమంటే యుగం బ్రదర్. ముందు నీళ్లలో జీవులు, తర్వాత జంతువులు, ఆఖరికి మనిషి. డార్విన్ చెప్పిందీ ఇదేగా! మన పుస్తకంలో ఎప్పుడో రాసిపెట్టారు.’’

ఆరువేల ఏళ్ల మాట నాకు ఎలాగూ మింగుడుపడదు. కానీ ఆ రోజు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది రెండో మాట. ఎందుకంటే నేనూ చాలా ఏళ్లు అదే చెప్పుకుని ఊరట పొందాను. లెక్క సరిపోదని తెలిసీ. పండ్లచెట్లు మూడో రోజు, సూర్యుడు నాలుగో రోజు. పక్షులు నేలజంతువుల కంటే ఒక రోజు ముందు. శిలాజాలేమో పక్షులు డైనోసార్ల నుంచే వచ్చాయంటాయి. ఇక రెండో అధ్యాయానికొస్తే మనిషి ముందు, చెట్లూ జంతువులూ తర్వాత.

మా నాన్న ఆర్నెల్లకని ఇక్కడికొచ్చారు. గుంటూరు దగ్గర పల్లెటూరి హైస్కూల్లో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన మనిషి. ఆదివారం అదే ఊళ్లో లూథరన్ గుడికి సంఘ పెద్ద. వాదన జరుగుతున్నంతసేపూ నోరు మెదపలేదు. చివరికి లేచి వంటగదిలోకెళ్లి, ఫాయిల్ కప్పిన పులిహోర ట్రే పట్టుకొచ్చి మావాడి ముందు పెట్టారు.

‘‘ఒరేయ్, ఇటు చూడు. మన తెలుగు బైబిల్లో ‘విశాలము’ అని ఉంటుందే, హీబ్రూలో ఆ మాట ‘రాకియ’. కంచరి రేకును కొట్టి కొట్టి సాగదీస్తాడు చూశావా, ఆ పనిలోంచి పుట్టిన మాట. ఆ కాలం వాళ్ల లెక్కలో ఆకాశమంటే ఇదిగో, ఇలా బోర్లించిన గట్టి కప్పు. దాని కింద నీళ్లు, దాని పైన కూడా నీళ్లు.’’ ఫాయిల్ మీద వేలితో టకటకా కొట్టారు. ‘‘కాదర్రా, పైన రేకూ లేదు, నీళ్లూ లేవు అని దేవుడు వాళ్లని దిద్దలేదు. వాళ్లెరిగిన ఆకాశం కిందే కూర్చోబెట్టి తాను చెప్పాల్సింది చెప్పాడు. ఆకాశం సంగతే దిద్దనివాడు డైనోసార్ల సంగతి చెప్పి ఉండాలని మనం పట్టుబట్టడమేంటి?’’

ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆకాశం తీసి పక్కన పెట్టి పులిహోర తిన్నాం.

మరి అక్కడ చెప్పాల్సిందేమిటి? ఆ అధ్యాయం ఈ రూపానికొచ్చింది క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దంలో, యూదులు బబులోను చెరలో ఉన్న రోజుల్లోనో ఆ దగ్గర్లోనో అని చాలామంది పండితుల అంచనా. బబులోనులో కొత్త సంవత్సరం పండుగకు ‘ఎనుమా ఎలిష్’ అనే సృష్టి కావ్యం చదివేవారు. అందులో మర్దుక్ దేవుడు తియామత్‌ని చంపి, ఆమె శరీరాన్ని రెండుగా చీల్చి, ఒక సగంతో ఆకాశం చేస్తాడు. ఓడిన మరో దేవుడి రక్తంతో మనుషుల్ని చేస్తారు. దేవతల చాకిరీ చెయ్యడానికి! ఆ కావ్యమున్న మట్టిపలకలు నీనెవె తవ్వకాల్లో బయటపడితే, జార్జ్ స్మిత్ 1876లో వాటిని అచ్చుకి తెచ్చాడు. అప్పటికి డార్విన్ పుస్తకం వచ్చి 17 ఏళ్లు.

దేశం పోగొట్టుకుని, పరాయి ఊళ్లో ఆ పండుగ సందడి చెవిన పడుతూ బతికేవాడికి ఏ సందేహం వస్తుంది? జీవజాతులు ఎలా మారాయన్నది కాదు. గెలిచినవాడి దేవుడే దేవుడా, మేము చాకిరీకి పుట్టినవాళ్లమేనా అన్నది. ఆదికాండము జవాబిచ్చింది దానికి. ఇందులో దేవతల యుద్ధం లేదు. సూర్యచంద్రుల పేర్లు కూడా ఎత్తదు. పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అంటుంది. చుట్టూ అందరూ మొక్కే దేవతల్ని రెండు దీపాలు చేసి పైన పెట్టేసింది. మనిషి దేవుని పోలికలో పుట్టినవాడంది, రాజొక్కడే కాదు, ఆడామగా అందరూ. పొరుగు దేశంలో ఉద్యోగం చేసుకుంటూ, వీసా కాగితాల మీద నా విలువ ఎంతో చూసుకునే నాకు ఆ జవాబు ఇప్పటికీ పనికొస్తుంది. వానరుల సంగతి అందులో లేదన్న లోటు నాకు లేదు.

ఆ తర్వాతి వారం నాన్ననూ మావాణ్ణీ డేటన్ తీసుకెళ్లాను. మా ఇంటి నుంచి కారులో ముప్పావుగంట. 1925 జులైలో, పరిణామ సిద్ధాంతం బోధించినందుకు జాన్ స్కోప్స్ అనే 24 ఏళ్ల మాస్టారిని విచారించిన ఎర్ర ఇటుకల కోర్టు అక్కడింకా ఉంది. ముందు పచ్చికలో ఇద్దరు లాయర్ల విగ్రహాలు, బైబిల్ పక్షాన బ్రయన్, స్కోప్స్ పక్షాన డారో. ఎండలు మండిపోతుంటే జులై 20న కోర్టు ఈ పచ్చిక మీదికే తరలివచ్చింది. డారో ఏకంగా బ్రయన్‌నే సాక్షిగా పిలిచి ప్రశ్నలు గుచ్చాడు. ఆ ఆరు దినాలూ 24 గంటల దినాలేనా అంటే, అలా అనుకోనక్కర్లేదని బ్రయనే ఒప్పుకున్నాడు! స్కోప్స్‌కి వంద డాలర్ల జరిమానా పడింది. పై కోర్టు 1927లో సాంకేతిక కారణంతో కొట్టేసింది. ఆ బోధనను నేరం చేసిన చట్టాన్ని టెనెసీ 1967లో గానీ రద్దు చెయ్యలేదు.

ఇదంతా చెబితే మావాడు, ‘‘అంటే ఆ బ్రదర్ అంకుల్ బ్రయన్ కంటే స్ట్రిక్టా?’’ అన్నాడు. నిజమే. ఆరువేల ఏళ్ల పట్టుదల అమెరికా సంఘాల్లో ఇంతగా పాకింది 1961లో ‘ది జెనెసిస్ ఫ్లడ్’ అనే పుస్తకం వచ్చాకే. పదహారు వందల ఏళ్ల కిందటే అగస్టీన్ ఆ దినాలు మామూలు దినాలు కావన్నాడు. లేఖనం పేరు చెప్పి ప్రకృతి గురించి తెలిసీ తెలియక మాట్లాడి నవ్వులపాలు కావద్దని తోటి విశ్వాసుల్ని హెచ్చరించాడు కూడా.

పవిత్ర గ్రంథంలో సైన్సు వెతికే యావ మా క్రైస్తవులకే పరిమితమనుకోకండి. మా వీధిలో విజయవాడ మిత్రుడికి ఈ కథంతా చెబితే నవ్వి, ‘‘మాకా గొడవే లేదండీ. మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం... దశావతారాలే ఎవల్యూషన్’’ అన్నాడు. 2019లో జలంధర్‌లో సైన్స్ కాంగ్రెస్ జరిగినప్పుడు ఆంధ్రా యూనివర్సిటీ అప్పటి వైస్ ఛాన్సలరే ఇలాంటి మాట అన్నారు. నాకు మా కూడికలో ‘దినమంటే యుగం’ అన్న బ్రదర్ గుర్తొచ్చాడు. ఎవరి పుస్తకానికి వారు సైన్సు చేత సంతకం పెట్టించుకోవాలనే ఆరాటం. పెట్టించుకుంటే పుస్తకం గొప్పదవుతుందనుకుంటాం గానీ, నిజానికి దాన్ని మన సర్టిఫికెట్ కోసం వరసలో నిలబెడుతున్నాం.

ఇంతటితో చిక్కంతా వీడిపోయిందని చెప్పను. ఆదాము పాపం వల్లే మరణం లోకంలోకి వచ్చిందని పౌలు రోమీయులకు రాశాడు. మనిషి పుట్టకముందే కోట్ల ఏళ్ల చావులు రాళ్లలో కనబడుతున్నాయి. ఈ ముడి నిజమైనది. ‘దినమంటే యుగం’ అన్నంత మాత్రాన విడిపోదు. ఆ రోజు డేటన్ కోర్టు పచ్చిక మీద బెంచీలో కూర్చుని నాన్ననే అడిగాను. ఆయన చాలాసేపు చేతికర్రతో గడ్డి కెలుకుతూ ఉండిపోయారు. ‘‘అది నాకూ తెలియదురా. తెలియదని ఒప్పుకుని ముప్పై ఏళ్లు గుడికీ వెళ్లాను, బడికీ వెళ్లాను.’’

తిరుగు దారిలో వెనకసీటు నుంచి మావాడు వదల్లేదు. ‘‘ఇంతకీ డైనోసార్లు ఏ రోజు తాతయ్యా?’’

‘‘ఆ పుస్తకాన్ని అడగాల్సింది కాదురా అది. మీ బయాలజీ పుస్తకంలో ఉంది కదా, ఎవల్యూషన్ చాప్టరు? రాత్రికి తియ్యి, ఇద్దరం చదువుదాం. నేను రిటైరయ్యాక అందులో చాలా మారిపోయి ఉంటుంది.’’