టికెట్ కొట్టని బస్సు

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఆబర్న్ చిన్న ఊరు. ఫోర్ట్ వేన్ నుంచి ఉత్తరంగా అరగంట ప్రయాణం. ఇక్కడికొచ్చే జనం ఆబర్న్, కార్డ్, డ్యూసెన్‌బర్గ్ కార్ల మ్యూజియం చూసి, ఫొటోలు దిగి తిరుగుముఖం పడతారు. దాని వెనకే, పాత కార్ల ఫ్యాక్టరీ భవనాల్లో, నేషనల్ ఆటో అండ్ ట్రక్ మ్యూజియం ఉంది. నేను వెళ్లింది అక్కడి ఫ్యూచర్‌లైనర్ కోసం.

చూడ్డానికి బస్సే గానీ, ఏనాడూ ఎవరికీ టికెట్ కొట్టలేదు. ఊరూరా తిరిగి సైన్సు వింతలు చూపించడానికి జనరల్ మోటార్స్ కంపెనీ ఇలాంటివి 12 చేయించింది. 1941లో యుద్ధం రావడంతో ఆ యాత్ర ఆగింది. 1953లో మళ్లీ మొదలై 1956లో పూర్తిగా ముగిసింది. ఇంట్లోకి టీవీ వచ్చాక వింతల కోసం మైదానానికి ఎవరొస్తారు?

దగ్గరికెళ్లి తలెత్తి చూశాను. పొడవు 33 అడుగులు, ఎత్తు పదకొండున్నర పైనే. డ్రైవరు సీటు కుడికీ ఎడమకీ కాక సరిగ్గా నడిమధ్యన, పై అంతస్తులో ఉంది. మెట్లెక్కి వెళ్లాలి. మొదట్లో ఆ గదికి పైనంతా అద్దాల గోపురమే. ఎండకి లోపల మనిషి ఉడికిపోయేవాడు. 1953లో దాన్ని తీసేసి రేకు కప్పు వేసి ఏసీ పెట్టారు. ముందు చక్రాలు కూడా జంట టైర్లే. పక్కనున్న 16 అడుగుల తలుపుల్లో ఒకటి పైకి లేస్తుంది, రెండోది కిందికి వాలి వేదికవుతుంది. మన ఊళ్లకి ప్రచార శాఖ వ్యాను వచ్చి తెరకట్టి సినిమా వేసిన రోజులు గుర్తున్నవాళ్లకి ఈ బండి పని చిటికెలో అర్థమవుతుంది.

మామూలు పాత బస్సుని బాగుచేస్తే పెళ్లిళ్లకైనా అద్దెకివ్వొచ్చు. దీన్నేం చేసుకుంటారు? పని అయిపోయాక ఒకటి మతప్రచారకుడి వేదికైంది, కొన్ని తుప్పుపట్టాయి. తొమ్మిది మాత్రం మిగిలాయని లెక్క. 2006లో ఒకటి వేలంలో 40 లక్షల డాలర్లు దాటింది. ఆ ధర విని అందరూ నోరు వెళ్లబెట్టారు. నాకు మాత్రం ఆబర్న్‌లో చూసిన ఈ పదో నంబరు బండి కథే గొప్ప. మిషిగన్‌లోని జీలండ్ ఊళ్లో వలంటీర్లు, ఎక్కువమంది రిటైరైనవాళ్లే, ఏళ్ల తరబడి కూర్చుని రేకు రేకూ సరిచేసి దీనికి ప్రాణం పోశారు. వేలంపాట బండిని కాపాడదు, యజమానిని మారుస్తుందంతే. కాపాడేది స్పానరు పట్టిన చెయ్యి.

షికాగో, డెట్రాయిట్ వైపు మనవాళ్లు ఎందరో ఉన్నారు. వారాంతంలో వెళ్లి రావచ్చు. ముందున్న మ్యూజియంతో సరిపెట్టుకోకండి. బండిని అప్పుడప్పుడు ప్రదర్శనలకు తీసుకెళ్తుంటారు కాబట్టి, ఫోన్ చేసి కనుక్కుని మరీ బయల్దేరండి.