నడిచే ఇంటికి నిద్ర

జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా మెట్‌పల్లి దాకా జాతీయ రహదారి. అక్కడినుంచి మల్లాపూర్ మండలంలోని ముత్యంపేటకు పల్లెదారి. సంక్రాంతి వెళ్ళిన వారం అది. పసుపు తవ్వకాలు మొదలయ్యే రోజులు. తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంది.

నేను వెళ్ళింది మేనల్లుడికి వీడ్కోలు చెప్పడానికి. ఆ ప్రాంతంలో గల్ఫుకు మనిషిని పంపని వీధి అరుదు. వీడూ రెండేళ్ళ ఒప్పందం మీద మస్కట్ వెళుతున్నాడు. మనిషి వెళ్ళడానికి పెట్టె సర్దితే చాలు. చిక్కల్లా వాకిట్లో ఉన్న వ్యానుతో వచ్చింది.

అది మామూలు వ్యాను కాదు. లోపల మడత మంచం, చిన్న పొయ్యి, నీళ్ళ ట్యాంకు, ఫ్యానుకూ దీపాలకూ వేరే బ్యాటరీ అన్నీ అమర్చాడు. ధర్మపురి, కొండగట్టు, వేములవాడ వెళ్ళినప్పుడు ఇంటిల్లిపాదీ అందులోనే వండుకుని, అందులోనే పడుకునేవారు. మా అక్క దాన్ని ‘నడిచే ఇల్లు’ అంటుంది.

‘‘అమ్మేస్తే పీడ పోతది మామా’’ అన్నాడు మేనల్లుడు, నా మొహం చూడకుండా.

బావ ఒప్పుకోలేదు. ‘‘అమ్ముడెందుకు? పండుకోబెడ్తే రెండేండ్లకు లేస్తది’’ అని పానా తీశాడు.

బావ ఆ ఊరి చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసినవాడు. చెరకు గానుగ సీజను చలికాలంలో మొదలై ఎండలు ముదిరేలోగా ముగుస్తుంది. తరువాతే అసలు పని. రోలర్లు విప్పాలి, బేరింగులకు గ్రీజు పెట్టాలి, బాయిలరు గొట్టాలు తోమాలి. ఆ విద్యే ఇప్పుడు వ్యాను మీద ప్రయోగించాడు.

మొదట ట్యాంకులోనూ గొట్టాల్లోనూ నీళ్ళు వదిలేశాడు. కెనడా వంటి దేశాల్లో చలికాలం రాకముందే ఈ పని తప్పదు. నీరు గడ్డకట్టి ఉబ్బితే గొట్టాలు పగులుతాయి. మనకా భయం లేకపోయినా దోమలూ, పాచీ ఉన్నాయి. డీజిలు ట్యాంకు మాత్రం నిండుగా పోయించాడు. వెలితి ఉంటే లోపలి గాలిలో తేమ నీరై అడుగున చేరుతుందట.

ఇరుసుల కింద జాకీ పెట్టి చేవగల మొద్దులు దూర్చాడు. ఇటుకలు పనికిరావు, పగిలితే ప్రమాదం. హ్యాండ్ బ్రేకు వదిలేసి గేరులో ఉంచాడు. పట్టి ఉంచితే బ్రేకు అతుక్కుపోతుంది. ఎలుకలు తీగలు కొరక్కుండా సందులన్నీ మూశాడు.

ఇక బ్యాటరీలు. ‘‘చలికి బ్యాటరీ చస్తదంటరు గదా బావా?’’ అని అడిగాను.

‘‘గీ చలి ఏం జేస్తది? మనకు ఎండకాలమే యముడు’’ అన్నాడు.

నిజమే. నిండుగా చార్జి ఉన్న సీసపు బ్యాటరీ మంచు దేశాల్లో కూడా గడ్డకట్టదు. ఖాళీదే కడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే మాత్రం, ఊరికే ఉన్న బ్యాటరీలో చార్జి కారిపోయే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. అలా ఖాళీగా పడి ఉంటే లోపలి పలకల మీద తెల్లని పొర గట్టిపడి, ఇక ఎంత చార్జి పెట్టినా లేవదు.

మైనస్ తీగ ముందు విప్పాడు, తరువాత ప్లస్. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది. మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోశాడు. బోరు నీళ్ళు పోస్తే అందులోని ఉప్పులు బ్యాటరీని తినేస్తాయి. మీటరు పెడితే 12.6 వోల్టులు చూపింది. నిండుగా ఉన్నట్లే. 12.4కు దిగిందంటే చార్జి పెట్టవలసిందే. కొందరు వారానికోసారి రెండు నిమిషాలు ఇంజను తిప్పి తృప్తి పడతారు. స్టార్టు చేయడానికి పోయినంత కూడా ఆ రెండు నిమిషాల్లో తిరిగి రాదు.

సాయంత్రం బావ నన్ను ఫ్యాక్టరీ దాకా తీసుకువెళ్ళాడు. గేటు వేసి ఉంది. 1937లో బోధన్‌లో పుట్టిన నిజాం షుగర్స్ కుటుంబంలోదే ఇదీను. 2015 డిసెంబరులో మూతపడింది.

‘‘డిసెంబరంటే గానుగ నడిచే నెల’’ అన్నాడు బావ గేటు పట్టుకుని. ‘‘ఏటేటా మేమే పండుకోబెట్టినం, మేమే లేపినం. పండుకోబెట్టెటోనికి మల్ల లేపుత అన్న నమ్మకం ఉండాలె బామ్మర్దీ. గదే అన్నిటికన్న ముందుగాల కావాలె.’’

వాకిట్లో మొద్దులెక్కిన వ్యాను నాకప్పుడు అర్థమైంది. ఆయన జాగ్రత్త చేస్తున్నది కొడుకు తిరిగి వచ్చే రోజును.

ఇంటికొచ్చాక ప్రశ్న మిగిలింది. రెండేళ్ళపాటు నెలనెలా చార్జి పెట్టేదెవరు? బావ కళ్ళకు మీటరు అంకెలు ఆనవు. మేనల్లుడు తల వంచుకున్నాడు. అక్క వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ‘‘నాకు జూపియ్యిరా’’ అంది.

వాడు చూపించాడు. చార్జి ఎక్కేటప్పుడు మండే వాయువు పుడుతుంది కనుక పొయ్యికీ దీపానికీ దూరంగా, గాలి ఆడే వసారాలో పెట్టాలని రెండుసార్లు చెప్పాడు. అక్క రెండుసార్లూ తలూపింది. తరువాత గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, ఏడాది పొడుగునా ఒక్కో అమావాస్యకూ పసుపు బొట్టు పెట్టింది.

‘‘అమాసనాడు తల్లికి కొడుకు యాదికి రాకుంట ఉంటడా?’’ అంది.