గాజు పోగు

కోనసీమలో కేబుల్ నడిపేవాడికి తుఫాను కంటే కొబ్బరి దింపంటేనే ఎక్కువ బెంగ. తుఫాను ఎప్పుడో వస్తుంది. దింపు మాత్రం ఊళ్లో ఏదో ఒక తోటలో రోజూ ఉంటుంది. మా తీగలన్నీ ఆ తోటల్లోంచే పోవాలి. గెల వచ్చి తీగ మీద పడిందంటే ఆ తోట అవతల ఉన్న ఇళ్లన్నిటిలో టీవీలు ఆగిపోయేవి. నేను సైకిలుకి నిచ్చెన కట్టుకుని బయల్దేరేవాణ్ణి.

1995లో రాజోలు దగ్గర మా ఊళ్లో డిష్ పెట్టాను. ఈటీవీ, జెమినీ అప్పుడే కొత్తగా వచ్చాయి. మరుసటి ఏడాది నవంబరు 6 రాత్రి తుఫాను ఆ డిష్‌ని విరిచి కాలవలో పడేసింది. తెల్లారి చూస్తే నిలబడ్డ చెట్టు కనపడలేదు. చుట్టుపక్కల ఊళ్లలో మనుషులే పోయారు. అలాంటప్పుడు డిష్ పోయిందని ఎవరితో చెప్పుకుంటాం? అప్పు చేసి మళ్లీ నిలబెట్టాను.

ఆ నల్ల కేబుల్ తీగతో ఇరవై ఏళ్లు కాపురం చేశాను. దూరం వెళ్లేకొద్దీ సిగ్నలు నీరసపడిపోతుంది కాబట్టి మధ్య మధ్య ఆంప్లిఫైయర్లు పెట్టాలి. వాటికి కరెంటు కావాలి. ఉరిమితే అవి కాలిపోతాయి. వాన పడితే జాయింట్లలోకి నీళ్లు దిగి బొమ్మ చుక్కలు చుక్కలుగా వస్తుంది. వానాకాలమంతా నా జేబులో నల్ల టేపు చుట్ట ఉండాల్సిందే.

ఇంటర్నెట్ పెట్టెను నేను మొదటిసారి చూసింది 2007లో, మా హైస్కూలు మాస్టారింట్లో. బీఎస్ఎన్ఎల్ డేటావన్ మోడెమ్. రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా ఎంత వాడినా లెక్కలోకి రాని ప్లాను. మాస్టారు రెండింటికి అలారం పెట్టుకుని లేచి, అమెరికాలో ఉన్న కూతురితో మాట్లాడేవారు. ఇది నా తీగలో ఎందుకు పంపకూడదని నాకు ఆశ పుట్టింది. అప్పటికే పట్నాల్లో కేబుల్ తీగలోనే ఇస్తున్నారు కూడా. కానీ నా ఆంప్లిఫైయర్లు బొమ్మను ఇంటివైపు తోసేవే గానీ, ఇంటి నుంచి చిన్న మాట కూడా వెనక్కి తేలేవు. అన్నీ మార్చాలంటే మళ్లీ డిష్ పెట్టినంత ఖర్చు. ఆ ఆశ అక్కడే ఆగింది.

2016 డిసెంబరులో, మా పక్క మండలంలోని మోరిలో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చారని తెలిసి మోటారు సైకిలు వేసుకుని వెళ్లాను. కరెంటు స్తంభాల మీదే నల్లగా సన్నటి తీగ వేలాడుతోంది. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ. దారిలో ఎక్కడా ఆంప్లిఫైయర్ లేదు. కాలవగట్టు మీద నిలబడి ఆ తీగను చాలాసేపు చూశాను. ఈర్ష్య కాదు, నా ఊరికీ ఇది రావాలన్న ఆరాటం. 2018లో వచ్చింది. అప్పటికి నాకు 49 ఏళ్లు. కుర్రాళ్ల పక్కన కూర్చుని అతుకు వేయడం నేర్చుకున్నాను.

నల్ల తీగను పళ్లతో ఒలిచినవాడికి గాజు పోగు అంత తొందరగా లొంగదు. మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందం. అందులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే. ముందు అతుకును కప్పే స్లీవు ఎక్కించుకోవాలి. అది మరిచిపోతే అతుకు ఎంత బాగా కుదిరినా తెంపి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. పైపూత ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొసను తిన్నగా కోసి అతుకు మిషన్లో పెట్టాలి. తెగిన ముక్కలు ఒక్కటీ కింద పడకూడదు. చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలున్న ఊరది. నేను వాటిని టేపుకి అంటించి సీసాలో వేసుకుంటాను.

2020 జూలై. లాక్‌డౌన్‌తో హైదరాబాదు, బెంగుళూరు ఉద్యోగాల పిల్లలంతా ఊళ్లోనే ఉన్నారు. ఒక సాయంత్రం చివరి వీధి నుంచి ఒక అమ్మాయి ఫోను. "బాబాయ్, ఎర్ర లైటు వెలుగుతోంది. ఎనిమిదింటికి నాకు మీటింగుంది." ఎర్ర లైటంటే వెలుగు ఆ ఇంటికి చేరడం లేదన్నమాట. వెళ్లి చూస్తే, అనుకున్నట్టే దింపు. గెల పడి నాలుగు పోగుల తీగ తెగింది. దింపు తీసినతను చెట్టు కిందే నిలబడి ఉన్నాడు, ఇంటికి పోలేదు. "నా వల్లేనండీ" అన్నాడు.

సన్నగా వాన మొదలైంది. స్తంభం దగ్గర చుట్టి ఉంచిన అదనపు తీగను లాగాం. అతను ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో టార్చి పట్టుకున్నాడు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. ఒక్కొక్కటే. మిషను తెర మీద రెండు కొసలు ఎదురెదురుగా వచ్చి ఆగాయి. చిన్న మెరుపు. రెండూ ఒకటయ్యాయి. ఎక్కడ కలిశాయో గీత కూడా కనపడదు. అప్పటిదాకా అతను ఊపిరి బిగబట్టే ఉన్నాడని, వదిలాకే నాకు తెలిసింది.

నాలుగో అతుకు అయ్యేసరికి ఏడున్నర దాటింది. "ఆకుపచ్చ లైటొచ్చింది బాబాయ్" అని ఆ అమ్మాయి ఫోను చేసింది. సామాను సర్దుకుంటుంటే అతను అడిగాడు, "ఈ పోగు మా ఇంటిదాకా వస్తుందాండీ? మావాడు పాఠాలకి ఫోను పట్టుకుని గట్టు మీదకి పోతున్నాడు."

ఇల్లు మురుగు కాలవ అవతల. మూడు స్తంభాల దూరం. తీగ నా దగ్గర ఉంది, ఇంట్లో పెట్టే ఫైబర్ బాక్సు లేదు. పైనుంచి బాక్సులు రావడం ఆగిపోయి నెలలైంది. ఎన్నిసార్లు అడిగినా ఇదిగో అదిగో అనేవారు. ఊరికింత అవసరమైన రోజుల్లో అలా అయినందుకు నాకిప్పటికీ కడుపు మంటే. మా ఇంట్లో ఉన్న ఒక్క బాక్సుతో టీవీ చూసేది మా ఆవిడ. అడిగాను. "పిల్లాడి చదువు కదా, తీసుకెళ్లండి" అంది, సీరియలు మధ్యలోనే.

ఆదివారం తీగ లాగాం. కాలవ దాటే చోట స్తంభం లేదు, రెండు కొబ్బరి చెట్లే ఆధారం. కొక్కేలు ఎక్కడ బిగించాలో నేను కిందనుంచి చెప్పబోయాను. అతను వినిపించుకోలేదు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, తల పైకెత్తి గెలలు చూసుకుని, అవి పడని వైపు ఎక్కాడు.