ఇరవయ్యవ వంతు

ఐరోపాలో ఫుట్‌బాల్ పోటీల కాలం చాలా దేశాలలో ఆగస్టు మాసంలో ఆరంభమవుతుంది. అంతకు ముందు కొన్ని వారాలపాటు పెద్ద క్లబ్బులు సన్నాహపు ఆటలు ఆడుకుంటాయి. సెలవుల్లో బిగుసుకున్న కాళ్ళు సడలడానికీ, కొత్తగా చేరిన ఆటగాళ్ళను చూసుకోవడానికీ ఆడే ఈ ఆటలలో గెలుపోటములకు పెద్ద విలువ ఉండదు. వాటిలో కొన్నింటిని ధర్మకార్యం కోసమని ముందే ప్రకటించి, టిక్కెట్ల రాబడిని ఆసుపత్రులకో అనాథలకో ఇవ్వడం అక్కడ శతాబ్దానికి పైబడిన ఆచారం. అస్ర్ నమాజు తరువాత మదరసా ఆవరణలో బంతి తన్నే మా విద్యార్థులకు ఆ క్లబ్బుల పేర్లన్నీ కంఠస్థమే. కాని అటువంటి ఒక ధర్మార్థపు ఆటతో ముడిపడిన మన దేశపు ముస్లిం ఆటగాడి పేరు మాత్రం వారిలో ఒక్కరూ ఎరుగరు.

ఆయన ముహమ్మద్ సలీం. కలకత్తాలోని మటియాబుర్జ్‌లో 1904లో సామాన్య కుటుంబంలో జన్మించారు. రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా వచ్చి స్థిరపడిన పేట అది. సలీం గారు ఆడిన మొహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ 1934లో కలకత్తా లీగును గెలిచింది. అప్పటిదాకా ఆ లీగు ఏ భారతీయ క్లబ్బుకూ దక్కలేదు. ఆపై 1938 వరకు వరుసగా ఐదేళ్ళు ఆ క్లబ్బుదే గెలుపు. సలీం గారు బూట్లు తొడిగేవారు కారు. వట్టి కాళ్ళతోనే ఆడేవారు.

1936లో స్కాట్లాండులో ఉండే బంధువొకరు ఆయనను ఓడ ఎక్కించి గ్లాస్గో నగరానికి తీసుకువెళ్ళారు. అక్కడి సెల్టిక్ క్లబ్బు వ్యవహారాలు చూసే విల్లీ మేలీ వద్దకు వెళ్ళి, ఈయనను ఒకసారి పరీక్షించి చూడమని అడిగారు. వట్టి కాళ్ళవాడు వృత్తి ఆటగాళ్ళ నడుమ ఏం ఆడగలడని మేలీ మొదట నవ్వారట. పరీక్ష అయిన తరువాత ఆ నవ్వు లేదు. క్లబ్బు శిక్షకుడు జిమ్మీ మెక్‌మెనెమీ సలీం గారి పాదాలకు కట్లు కడుతున్న ఛాయాచిత్రం నేటికీ ఉంది. ఆగస్టు నెలాఖరున గాల్‌స్టన్ జట్టుపై సెల్టిక్ 7-1తో గెలిచిన ఆటను చూసిన పత్రికలవారు ఆయనను గారడీవానితో పోల్చారు.

సెల్టిక్ క్లబ్బు పుట్టుక కూడా ధర్మకార్యంలోనే. 1887లో, ఐర్లండు నుండి వలసవచ్చిన నిరుపేదలు కిక్కిరిసిన గ్లాస్గో తూర్పు పేటలో, వాల్‌ఫ్రిడ్ అనే క్రైస్తవ మఠవాసి పేద పిల్లలకు పూట భోజనం పెట్టడానికి డబ్బు కావలసి ఈ క్లబ్బును నెలకొల్పాడు. బంతి ఆటను గంజి కుండకు జతచేసిన ఆ మనిషి బుద్ధిని మేము మెచ్చుకుంటాము. పదేళ్ళకే, 1897లో, అది వాటాదారుల కంపెనీ అయింది. అక్కడినుండి లాభంలో తన వంతు ఎంతని అడిగే హక్కు వాటాదారునికి వచ్చింది. ఆకలిగొన్న పిల్లవాడికి అడిగే హక్కు ఎన్నడూ లేదు, ఎవరో గుర్తు పెట్టుకుంటే తప్ప.

ఇక అసలు సంగతి. కొన్ని నెలలు గడిచేసరికి సలీం గారికి ఇంటిపై బెంగ పట్టుకుంది. ఆయనను నిలుపుకోవాలని క్లబ్బువారు ఆయన గౌరవార్థం ధర్మార్థపు ఆట ఒకటి ఏర్పాటు చేసి, గేటు రాబడిలో ఐదు శాతం ఇస్తామన్నారు. ఐదు శాతమంటే ఎంతవుతుందో ఆయనకు తెలియదు. ఆ ఆటకు అనాథ పిల్లలను అతిథులుగా పిలిచారు. నా వంతు ఈ పిల్లలకే ఇస్తానన్నారు సలీం గారు. తరువాత లెక్క చూస్తే అది 1,800 పౌండ్లు. ఆయన నివ్వెరపోయారు గాని మాట మార్చలేదు. ఇది ఆయన కుమారుడు పత్రికలవారికి చెప్పిన వృత్తాంతం.

ఫరాయిజ్ పాఠంలో వారసుల వాటాలు విడగొట్టించే అలవాటు వల్ల కాబోలు, ఈ సంఖ్యను మేము నల్లబల్లపై వేసి చూశాము. ఐదు శాతం 1,800 అయితే మొత్తం రాబడి 36,000 పౌండ్లు. ఆనాడు సామాన్య ప్రేక్షకుడు టిక్కెట్టుకు చెల్లించినది షిల్లింగుల్లో, పౌనుకు ఇరవై షిల్లింగులు. తలకు రెండు షిల్లింగులనుకున్నా మూడు లక్షల అరవై వేల మంది రావాలి. అంతమంది పట్టే మైదానం అక్కడ లేదు. కనుక ఆ సంఖ్య నోటి నుండి నోటికి పెరిగిందని మా అభిప్రాయం. అయితే సంఖ్య తగ్గినంత మాత్రాన మాట తగ్గదు. సలీం గారు ఇచ్చినది ఎంతో తెలిసి ఇచ్చినది కాదు, తెలిసిన తరువాత వెనక్కి తీసుకున్నదీ కాదు.

ఐదు శాతమంటే ఇరవయ్యవ వంతు. నీరు తోడి పండించిన పంటపై రైతు తీయవలసిన జకాత్ కూడా అంతే. ఈ పోలిక యాదృచ్ఛికమే. బోరు నీటితో వరి పండించే మా ఊరి రైతులకు మాత్రం ఆ వంతు బరువు వేరే చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులోనూ పోటీల కాలానికి ముందు జరిగే ప్రసిద్ధమైన ఆట ఒకటుంది. 1908లో మొదలైన దానికి చారిటీ షీల్డ్ అని పేరు. దాదాపు శతాబ్దం తరువాత, ధర్మసంస్థలను పర్యవేక్షించే అక్కడి ప్రభుత్వ సంఘం లెక్కలు విచారించింది. టిక్కెట్టు డబ్బులో ధర్మానికి పోయేది ఎంతో నిర్వాహకులు స్పష్టంగా ప్రకటించలేదనీ, ఇవ్వవలసిన చోట ఆలస్యం చేశారనీ తేల్చింది. 2002లో పేరు మార్చి కమ్యూనిటీ షీల్డ్ అన్నారు. ఎవరో సొమ్ము తిన్నారని కాదు ఆ తీర్పు. ఎంత అని చెప్పలేదు, వెంటనే ఇవ్వలేదు, అంతే. అమానతు విషయంలో ఆ రెండూ చిన్న లోపాలని మేము అనుకోలేము.

ఇదంతా వ్రాయడానికి ఒక కారణముంది. షవ్వాల్ మాసంలో మా చదువుల ఏడు మొదలయ్యే ముందు, పెద్ద తరగతి విద్యార్థులూ ఊరి యువకులూ కలిసి తండ్రి లేని పిల్లల పుస్తకాల కోసం ఒక ఆట పెడతామని వచ్చారు. సంతోషించాము. వివరాలు అడిగితే షామియానా, మైకు, రంగు బనియన్లు, ముఖ్య అతిథికి శాలువా, కప్పు, భోజనాలు.

“ఖర్చులు పోనూ మిగిలినదంతా ఆ పిల్లలకే, హజ్రత్” అన్నాడొక విద్యార్థి.

“ఏమీ మిగలకపోతే?” అని అడిగాము.

వాడు తల దించుకున్నాడు. ఊరి పెద్ద ఒకరు, “అట్లా అంటే ఎట్లా మౌలానా, పిల్లలకు ఉత్సాహం ఉండొద్దా?” అన్నారు. ఉత్సాహం ఉండాలి. షామియానా ఖర్చు ఉత్సాహపడేవారు పెట్టుకోవాలనీ, గేటు దగ్గర చేతికందిన ప్రతి రూపాయీ మొదటినుండే ఆ పిల్లలదనీ మేము పట్టుబట్టాము. ఆ పిల్లలను వేదికపై వరుసగా నిలబెట్టి ఫోటోలు తీయరాదనీ చెప్పాము. గ్లాస్గోలో వారు అతిథులై ముందు వరుసలో కూర్చొని ఆట చూసి ఉంటారని మా ఊహ. పెద్దగారు ఆలోచించి చెబుతామన్నారు. ఇది వ్రాసే నాటికి జవాబు రాలేదు. విద్యార్థులు మాత్రం పాత బనియన్లతోనే ఆడతామని వచ్చి చెప్పారు.

సలీం గారు గ్లాస్గోలో నిలువలేదు. కలకత్తాకు తిరిగివచ్చి మళ్ళీ తన క్లబ్బులోనే ఆడారు. 1980లో మరణించారు. చివరి రోజులలో ఆయన జబ్బుపడినప్పుడు కుమారుడు సెల్టిక్ క్లబ్బుకు ఉత్తరం వ్రాసి, తండ్రి వైద్యానికి డబ్బు కావాలన్నారు. నిజానికి ఆయనకు కావలసినది డబ్బు కాదు, తండ్రి వారికి గుర్తున్నారో లేదో తెలుసుకోవాలని. క్లబ్బు నుండి జాబు వచ్చింది, దానితోపాటు 100 పౌండ్ల బ్యాంకు డ్రాఫ్టు. ఆయన దానిని మార్చుకోలేదు. తాను బ్రతికి ఉన్నంతకాలం దాచుకుంటానన్నారు.