తీర్పు వెనక ఊరు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ రాసే తెలుగు మీడియం పిల్లలకు నేను పాలిటీ చెబుతాను. టైంటేబుల్లో నా పేరు పక్కన ఆ ఒక్క సబ్జెక్టే ఉంటుంది గానీ, కొన్నేళ్లుగా పర్యావరణం, వాతావరణ మార్పు కూడా నా గంటలోకే వచ్చి చేరాయి. గ్రూప్-1 మెయిన్స్‌లో మూడో పేపరు సమాజం, రాజ్యాంగం, పాలన. నాలుగోదైన ఆర్థిక వ్యవస్థలో పర్యావరణ సమస్యలొక భాగం. మొదటిది వ్యాసం, అందులో ఏదైనా అడగొచ్చు. ఎక్కడ పట్టుకున్నా చివరికి హక్కుల దగ్గరికే వస్తాం.

బజారులో దొరికే మెటీరియల్లో హక్కులంటే ఒక పట్టిక. కేసు పేరు, సంవత్సరం, ఒక్క ముక్కలో సారం. కేశవానంద భారతి 1973, మేనకా గాంధీ 1978, పుట్టస్వామి 2017. ప్రిలిమ్స్‌లో బబుల్ దిద్దడానికి అది చాలు. మెయిన్స్‌లో ఒక్కో పది మార్కుల జవాబుకు పన్నెండు నిమిషాలు దొరుకుతాయి. ఆ పన్నెండు నిమిషాల్లో పట్టిక పనికిరాదు. అసలు నా బాధ మార్కుల గురించి కూడా కాదు. నా ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్లలో కొందరు రేపు డిప్యూటీ కలెక్టర్లవుతారు, డీఎస్పీలవుతారు, ఎంపీడీవోలవుతారు. భూసేకరణ ఫైలు మీద, వరద నష్టం జాబితా మీద సంతకం పెట్టేది వాళ్లే. అందుకే ప్రతి కేసూ ఊరి నుంచి మొదలుపెడతాను. కోర్టుకు ఎవరు వెళ్లారు, ఏం పోగొట్టుకుని వెళ్లారు, అంతకు ముందు ఏ అధికారి ఏం రాశాడు. తీర్పు ఆ తర్వాతే.

ఏటా నేను ఎక్కువ సమయం పెట్టేది ఏపీ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసు మీద. 1999 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, రాసింది మన జస్టిస్ ఎం. జగన్నాథరావు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు పది కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996లో జీవో 111 వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. ఆ పరిధిలో ఆముదం నుంచి ఉత్పత్తులు తీసే ఒక పరిశ్రమకు ప్రభుత్వమే మినహాయింపు ఇచ్చింది, కాలుష్య మండలి ఒప్పుకోలేదు. హాని జరుగుతుందని రుజువయ్యేదాకా ఆగనక్కర్లేదు, ముందే జాగ్రత్తపడాలి, హాని లేదని నిరూపించుకోవాల్సిన భారం పరిశ్రమదే అని కోర్టు చెప్పింది. ఇలాంటి వివాదాలు తేల్చడానికి శాస్త్రం తెలిసినవాళ్లు కూడా కూర్చునే కోర్టులు కావాలని అదే తీర్పు గట్టిగా అంది. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టానికి వెనక ఉన్న బలమైన కారణాల్లో అదొకటి.

ఇంతవరకు అందరూ తలలూపుతూ రాసుకుంటారు. ఒక బ్యాచ్‌లో మొయినాబాద్ వైపు నుంచి వచ్చే కుర్రాడు లేచి నిలబడ్డాడు.

"సార్, మా ఊరు గా జీవోలనే ఉన్నది. మా నాయనకు రెండెకరాలు. అమ్ముదామంటే ధర రాదు, గోడ కడదామంటే పర్మిషన్ లేదు. పట్నపోళ్లు నీళ్లు తాగుతందుకు మేమెందుకు ఆగాలె సార్?"

క్లాసు నిశ్శబ్దమైపోయింది. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "మరి కాలవలో రసాయనం కలిస్తే మీ బోరు బాగుంటదా అన్నా?" అంది. ఆ రోజు సిలబస్ ముందుకు పోలేదు, పోనివ్వలేదు. నగరం తాగే నీటిలో ఆ రెండు జలాశయాల వాటా బాగా తగ్గింది, కృష్ణా గోదావరి నీళ్లు వస్తున్నాయన్నది 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ప్రభుత్వం చేసిన వాదన. ఆ జలాశయాలు పుట్టింది తాగునీటి కోసమే కాదని నేను గుర్తుచేశాను. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తాక, విశ్వేశ్వరయ్య సలహాతో వరదను ఆపడానికి కట్టుకున్నవి అవి. ఉస్మాన్‌సాగర్ 1920కి, హిమాయత్‌సాగర్ 1927కి పూర్తయ్యాయి. అయినా ఆ కుర్రాడి ప్రశ్న అలాగే నిలబడింది. ఊరంతటి మేలు కోసం ఒక రైతు భూమిని ఆపితే అతనికి ప్రభుత్వం ఏమిచ్చింది? దీనికి తీర్పులో జవాబు లేదు. ఆ వారం ఇంటికి రాసుకురమ్మన్న వ్యాసం అదే. అతను రాసిన జవాబులో తండ్రి వైపు వాదన, జలాశయం వైపు వాదన రెండూ బలంగా ఉన్నాయి. నేను దిద్దిన మంచి జవాబుల్లో అదొకటి.

వాతావరణ మార్పు పాఠానికి దూరం పోనక్కర్లేదు. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా దోమలగూడ, అశోక్‌నగర్ మీదుగా బాగ్‌లింగంపల్లి దాటి మూసీలో కలుస్తుంది. పిల్లల హాస్టళ్లు కొన్ని దాన్ని ఆనుకునే ఉన్నాయి. 2020 అక్టోబరు వానకు ఆ ఇళ్లలోకి నీళ్లు ఎందుకు వచ్చాయో వాళ్లే చెప్పగలరు. అంతకు ముందు 2000 ఆగస్టు వరద బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి కూడా వచ్చింది. అబ్దుస్ సమద్ ఖాన్ జీవితమంతా పోగేసిన ఉర్దూ పుస్తకాల భాండారం అక్కడే ఉండేది, చాలా భాగం తడిసిపోయింది. ఈ సంగతి చెప్పినప్పుడు పుస్తకాలతోనే బతుకుతున్న పిల్లల ముఖాలు మారిపోతాయి. వరద నష్టం జాబితాలో ఏయే గడులుండాలో ఆ రోజు వాళ్లే రాస్తారు.

ఎండ సంగతీ అంతే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మరణిస్తే కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం అంది. కరెంట్ అఫైర్స్ పుస్తకంలో ఇది ఒక్క లైను. నేను అడిగేది వేరు: ఉపాధి హామీ పనిలో కూలిపోయిన మనిషి వడదెబ్బతోనే పోయాడని రాసేదెవరు? తహసీల్దారు, పోలీసు, వైద్యాధికారి కలిసి తేల్చాలి. పోస్టుమార్టం లేకుండా మట్టి చేసేస్తే ఆ కుటుంబం ఏమవుతుంది? హక్కు జీవోలో పుడుతుంది, మండలాఫీసులో ఆగిపోతుంది. ఆ మండలాఫీసులోకి పోబోయేవాళ్లకు ఇది చెప్పకపోతే నేను పాఠం చెప్పినట్టే కాదు.

బట్టమేక పిట్ట కేసు చెప్పేటప్పుడు తరగతి రెండుగా చీలుతుంది. ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసులో 2024 మార్చిలో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణల కింద పౌరుల హక్కు అంది. చాలా పెద్ద మాట. అయితే ఆ కేసు మొదలైంది రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలకు తగిలి చచ్చిపోతున్న పిట్ట కోసం. తీగలు భూమిలోంచి వేయాలని 2021లో ఇచ్చిన ఆదేశాన్ని, సౌరవిద్యుత్ అవసరాన్ని చూసి కోర్టు సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. వాతావరణ హక్కు గెలిచిన కేసులో పిట్టకు దొరికిన రక్షణ తగ్గిందా అని అడుగుతాను. కర్నూలు, నంద్యాల వైపు పిల్లలుంటే వాళ్లకిది కథ కాదు. ఈ పిట్ట కోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది, ఇప్పుడక్కడ అది దాదాపు కనుమరుగైంది. సౌరవిద్యుత్ వద్దనే వాదన నాది కాదు, కావాలి. తీగ ఎక్కడ వేయాలో అక్కడి మనుషుల్ని, జీవాల్ని చూసి వేయాలంటాను.

సమత కేసు ఇంకో రోజు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో వచ్చిన తీర్పు అది. అనంతగిరి, బొర్రా ఊళ్ల పేర్లు లేకుండా దాన్ని ఎవరు రాసినా సగం మార్కులే వేస్తాను.

ఇక మా వీధి రాజకీయం. 2024 అక్టోబరులో మెయిన్స్ ముందు జీవో 29 రద్దు చేయాలని పిల్లలు అశోక్‌నగర్ రోడ్ల మీదికి వచ్చారు, పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. మెయిన్స్‌కు 1:50 చొప్పున పిలిచే లెక్క పాత జీవో 55లో ప్రతి రిజర్వేషన్ వర్గానికీ విడిగా ఉండేది, కొత్త జీవో ఆ విడి లెక్క తీసేసింది. అక్టోబరు 21న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది, ఆ రోజే పరీక్ష మొదలైంది. నా విద్యార్థులు రెండు వైపులా ఉన్నారు. ప్రిలిమ్స్ వడపోత మాత్రమే అన్నవాళ్లకూ, వడపోతలోనే మా వాటా పోయిందన్నవాళ్లకూ సమానంగా సమయమిచ్చాను. నా అభిప్రాయం అడిగితే చెప్పాను: నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూసిన పిల్లల ముందు నియమం మార్చేటప్పుడు కారణం చెప్పి ఒప్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. 2011 తర్వాత గ్రూప్-1 ప్రకటన వచ్చింది 2022లో. దాని ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది. ఈ పిల్లల యౌవనం చిక్కడపల్లి లైబ్రరీ కుర్చీల్లోనే గడిచింది.

నా క్లాసు అయ్యాక వాళ్లను సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో జరిగే సభలకు పొమ్మంటాను. అక్టోబరులో బాలగోపాల్ స్మారక సభ తప్పనిసరి అంటాను. లెక్కల పాఠాలు వదిలి న్యాయవాది అయి, 2009లో పోయేదాకా హక్కుల చట్టాన్ని మామూలు పాఠకుడికి తెలుగులో విడమరచిన మనిషి ఆయన. పరీక్షకు పనికొస్తుందా సార్ అని అడుగుతారు. వస్తుంది.

గ్రంథాలయ సంస్థ పెద్దలకు ఒక విన్నపం. సుప్రీంకోర్టు ఇప్పుడు తన తీర్పుల తెలుగు అనువాదాలను వెబ్‌సైట్‌లో ఉంచుతోంది. వాటిలో మన ఊళ్లకు, నీళ్లకు, హక్కులకు సంబంధించినవి ముద్రించి చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఒక బీరువా నిండా పెట్టండి. ఏ ప్రతి ఏ ఊరి గురించో అట్ట మీద రాయండి. తెరిచి చదివే పిల్లలు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఉంటారు.